పసిప్రాణములను నిలిపిన ఉప్పు చక్కెర నీరు

ఒక లీటరు మంచినీరు, కొద్దిగా ఉప్పు, అంతకంటె కొంత ఎక్కువ గ్లూకోజు. ముఖ్యముగా వీనితో తయారగు పానీయము గడచిన అర్ధ శతాబ్దములో కోట్లకొలది ప్రాణములను కాపాడినది. వారిలో ఎక్కువమంది పసిబిడ్డలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను, మందుల దుకాణములలోను ఓ.ఆర్.ఎస్. అను పేరుతో లభించు చిన్న పొట్లములో ఉండునది ఇదియే. చూచుటకు ఇందులో విశేషమేమియు కనిపించదు. ఉప్పు, చక్కెర లేని వంటిల్లు ఏది? అయినను ఈ పానీయమునకు కావలసిన శాస్త్రజ్ఞానము సమకూడుటకు సుమారు 140 సంవత్సరములు పట్టెను. ఆ జ్ఞానము ఏ ఒక్క దేశమునందును పుట్టలేదు. ఒక్కొక్క తునక ఒక్కొక్క దేశమున లభించెను. ఆ తునకలు విడివిడిగా ఉన్నంతకాలము బిడ్డలు మరణించుచునే యుండిరి. అవి ఒకచోట చేరిన తరువాతనే ఫలితము కనిపించెను.

1980 ప్రాంతపు అంచనాల ప్రకారము అభివృద్ధి చెందుచున్న దేశములలో ఏటేట 45 లక్షల మందికి పైగా ఐదేండ్లలోపు పిల్లలు అతిసారము వలన మరణించుచుండిరి. నేడు ప్రపంచమంతటను ఆ సంఖ్య 4 లక్షల పైచిలుకునకు తగ్గినది. ఈ తగ్గుదలకు మంచినీటి వసతి, పారిశుద్ధ్యము, టీకాలు, పౌష్టికాహారము మున్నగు కారణములు పెక్కు కలవు. వానిలో ఈ పానీయమునకు ముఖ్యమైన స్థానము కలదు.

బిడ్డ మరణమునకు అసలు కారణము

విరేచనములతో బాధపడు బిడ్డకు ప్రాణాపాయము కలిగించునది చాలవరకు రోగక్రిమి కాదు. శరీరము నుండి వెలికిపోవు నీరు, లవణములు. పెద్దవారి శరీరపు బరువులో సుమారు 60 శాతము నీరు కాగా, అప్పుడే పుట్టిన శిశువు బరువులో 75 శాతము వరకు నీరే. ఆరు కిలోల బిడ్డ 600 మిల్లీలీటర్లు, అనగా మూడు గ్లాసుల నీరు కోల్పోయినచో శరీరపు బరువులో పదవ వంతు పోయినట్లే. అంతటితో కండ్లు లోతుకు పోవును. నడినెత్తిన మాడు గుంటపడును. ఏడ్చినను కన్నీరు రాదు. కడుపుమీది చర్మమును వ్రేళ్లతో పట్టి విడిచినచో వెంటనే యథాస్థితికి రాదు. రక్తము చిక్కబడును, నాడి బలహీనపడును. కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును.

పోయిన నీటిని, లవణములను తిరిగి శరీరమునకు చేర్చుటయే దీనికి చికిత్స అని నేడు ఎవరైనను చెప్పగలరు. పూర్వము అట్లు కాదు. నీరిచ్చినచో విరేచనములు మరింత అగునను భయము పెక్కు దేశములలోని తల్లులకు ఉండెడిది. ప్రేగులకు విశ్రాంతి ఇయ్యవలెనను తలంపుతో వైద్యులు సైతము బిడ్డకు ఆహారము మాన్పించుచుండిరి. దాహముతో నాలుక పిడచకట్టుచున్న బిడ్డకు నీరు నిరాకరించుటయే ఆనాటి వివేకముగా ఉండెను.

లభించి జారిపోయిన మొదటి తునక

1831లో కలరా వ్యాధి ఇంగ్లండు తీరమున ప్రవేశించెను. అప్పుడు 22 సంవత్సరముల వయస్సుగల విలియం ఓషానెస్సీ అను ఐరిష్ వైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందులో నీరు, లవణములు మిక్కిలి తగ్గియున్నవని కనుగొనెను. తరువాతి కాలమున భారతదేశమునకు వచ్చి, ఇచ్చట టెలిగ్రాఫు తీగలు వేయించినది కూడ ఈయనయే. ఆయన వ్రాసిన దానిని చదివి, స్కాట్లండునందలి లీత్ పట్టణ వైద్యుడు థామస్ లట్టా 1832లో ఉప్పునీటిని రోగుల సిరలలోనికి ఎక్కించెను. మరణమునకు చేరువైన రోగులలో కొందరు తేరుకొని కూర్చుండిరి.

కాని ఆనాటి ద్రవములు క్రిమిరహితములు కావు. ఒకసారి ఎక్కించి ఊరకుండిన చాలదనియు, పోవుచున్నంత నీటిని మరల మరల ఎక్కించవలెననియు అప్పటివారికి తెలియదు. అందుచే తేరుకొనిన రోగులు కూడ మరల క్రుంగిపోయిరి. ఆ పద్ధతి మూలపడెను. రక్తము తీయుట, విరేచనకారులను ఇచ్చుట వంటి హానికరములైన చికిత్సలే చాలకాలము కొనసాగెను. సుమారు 75 సంవత్సరముల తరువాత కలకత్తాలో లెనర్డ్ రోజర్స్ గాఢమైన ఉప్పునీటిని సిరల ద్వారా ఎక్కించి కలరా మరణములను సగము మేరకు తగ్గించెను.

ఇట్లు సిరల ద్వారా ద్రవమును ఎక్కించుట స్థిరపడినను, అది ఆసుపత్రి వైద్యముగానే ఉండిపోయెను. క్రిమిరహితమైన ద్రవము, సూదులు, గొట్టములు, శిక్షణ పొందినవారు అన్నియు ఒకచోట ఉండవలెను. ఒక్క కలరా రోగికి పది లీటర్లకు పైగా ద్రవము కావలసి రావచ్చును. వ్యాధి ఎక్కువగా ఉండునది పల్లెలలో; ఈ సాధనములు ఉండునవి పట్టణములలో. నోటి ద్వారా ఇయ్యగల మందు ఒకటి ఉన్నగాని పల్లెలోని బిడ్డకు మార్గము లేదు. కాని త్రాగించిన ఉప్పునీరు ప్రేగులలో ఇంకక విరేచనముగా వెలికిపోవుచుండెను. ఇది ఏల?

ప్రేగు గోడలోని జంట ద్వారము

కలరా క్రిమి ప్రేగు లోపలి పొరను ఒలిచివేయుననియు, అందుచే ప్రేగు దేనిని గ్రహింపజాలదనియు చాలకాలము నమ్మిరి. ఈ నమ్మకమును కదల్చినవారిలో మొదట చెప్పదగినవాడు కలకత్తా శాస్త్రజ్ఞుడు శంభునాథ్ డే. క్రిములను వడగట్టి తీసివేసిన ద్రవము కూడ కుందేలు ప్రేగులో నీరు ఊరునట్లు చేయునని ఆయన 1959లో ప్రకటించెను. అనగా నీటిని రప్పించునది క్రిమి స్రవించు విషము. సుమారు అదే కాలమున బాంకాకులో అమెరికా వైద్యుడు యూజీన్ గంగరోసా, ఆయన సహచరులు జీవించియున్న రోగుల ప్రేగు నుండి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. లోపలి పొర చెక్కుచెదరలేదని తేలెను.

పొర చెడనిచో దానికి గ్రహించు శక్తి కూడ ఉండవలెను. ఆ శక్తి రహస్యము కలరాతో సంబంధములేని మరియొకచోట బయటపడెను. 1960 ఆగస్టులో ప్రాగ్ నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సమావేశములో అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రేన్ ఒక భావమును ప్రతిపాదించెను. ప్రేగు గోడ కణములలోనికి గ్లూకోజు ఒంటరిగా పోదు. సోడియంతో జతకూడి పోవును.

దీనిని రెండు తాళపుచెవులు గల తలుపుతో పోల్చవచ్చును. ఒక చెవి సోడియం, రెండవది గ్లూకోజు. రెండును ఒకేసారి తిప్పినగాని ఆ తలుపు తెరచుకొనదు. ఒక గ్లూకోజు అణువుతో రెండు సోడియం అయానులు లోనికి పోవునని తరువాత తెలిసెను. వాని వెంట నీరు కూడ పోవును. కలరా విషము ప్రేగులోనికి నీరు ఊరునట్లు చేయునే గాని ఈ జంట ద్వారమును మూయదు. కావున ఉత్త ఉప్పునీరు ఇంకకపోయినను, గ్లూకోజు కలిపిన ఉప్పునీరు ఇంకును. ప్రయోగశాలలో చక్కెర మార్గమును వెదకినవాని పరిశోధన పల్లెటూరి బిడ్డ ప్రాణమునకు ఆధారమయ్యెను.

ఇంతకు ముందే, 1953లో, కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని ఇచ్చి, తీవ్రముకాని కలరా సోకిన 186 మందికి చికిత్స చేసి, ఆ వివరములను లండను నుండి వెలువడు లాన్సెట్ పత్రికలో ప్రచురించెను. కాని ఆ పానీయము ఎట్లు పనిచేయునో చెప్పు సిద్ధాంతము అప్పటికి లేదు. పోల్చి చూచుటకు వేరొక రోగుల వర్గము కూడ ఆ పరిశోధనలో లేదు. అందుచే దానిని ఎక్కువమంది పట్టించుకొనలేదు. కలకత్తా అనుభవము, ప్రాగ్ సిద్ధాంతము ఒకదానినొకటి ఎరుగకయే ఉండిపోయెను.

మనీలా, ఢాకా, కలకత్తా

అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ 1960 తరువాత మనీలాలో గ్లూకోజు కలిపిన లవణ ద్రవమును రోగులచే త్రాగించి చూచెను. మొదట మంచి ఫలితములు కనిపించెను. తరువాతి ప్రయోగములో కొందరు రోగులు మరణించిరి. ఆ ద్రవము మిక్కిలి గాఢమైనది. ద్రవాభిసరణ సూత్రము ప్రకారము నీరు పలుచని ద్రవము నుండి గాఢమైన ద్రవము వైపునకు పోవును. ప్రేగులోని ద్రవము రక్తముకంటె గాఢమైనచో, అది లోనికి ఇంకుటకు బదులు శరీరములోని నీటినే ప్రేగులోనికి లాగును. ఈ చేదు అనుభవముతో ఫిలిప్స్ మిక్కిలి జాగరూకుడయ్యెను. కొంతకాలము తరువాత ఢాకా పరిశోధనశాలకు అధిపతియైనపుడు కూడ ఆయన ఈ పద్ధతి విషయమున వెనుకాడుచునే యుండెను.

ఆ ఢాకా పరిశోధనశాల పుట్టుక కూడ గమనింపదగినది. ఆగ్నేయాసియా ఒడంబడిక సంస్థ 1954లో ఏర్పడిన సైనిక కూటమి. దాని ఆధ్వర్యమున, అమెరికా, పాకిస్థాన్ మున్నగు దేశముల సహాయముతో, 1960లో నాటి తూర్పు పాకిస్థానులో కలరా పరిశోధనశాల స్థాపింపబడెను. కూటమి 1977లో అంతరించెను. ప్రయోగశాల నిలిచెను. 1978లో అది అతిసార వ్యాధుల అంతర్జాతీయ పరిశోధన కేంద్రముగా మారి, పెక్కు దేశముల సహాయముతో నేటికిని పనిచేయుచున్నది.

ఢాకాలో నార్బర్ట్ హిర్షార్న్, ఆయన సహచరులు గ్లూకోజు కలిపిన ద్రవము రోగి ప్రేగులో నిజముగా ఇంకుచున్నదని కొలిచి చూపిరి. ఇంకను ముప్పది ఏండ్లు నిండని డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అను ఇరువురు వైద్యులు తరువాతి అడుగు వేసిరి. రోగి ఎంత ద్రవమును కోల్పోవుచున్నాడో కొలిచి, అంత ద్రవమును త్రాగించుటయే వారి పద్ధతి. మొదట సిరల ద్వారా కొంత ద్రవము ఎక్కించి, రోగి తేరుకొనిన పిమ్మట పానీయము ఇచ్చిరి. సిరల ద్వారా ఎక్కించవలసిన ద్రవము సుమారు ఐదింట నాలుగు వంతులు తగ్గెను. బంగాలీ సహచరులతో కలిసి వారు వ్రాసిన ఈ ఫలితములు 1968లో లాన్సెట్ పత్రికలో వెలువడెను. ఆ సంవత్సరములలోనే కలకత్తాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ కేంద్రమునకు చెందిన భారత, అమెరికా వైద్యులు ఇట్టి ఫలితములనే సాధించిరి. 1965లో భారత, పాకిస్థాన్ దేశముల మధ్య యుద్ధము జరిగినను, ఈ రెండు నగరముల ప్రయోగములు ఒకదానికొకటి బలము చేకూర్చెను.

బన్‌గావ్ శిబిరములో

ఆసుపత్రి మంచముపై, శిక్షణ పొందిన వైద్యుల కండ్ల ఎదుట పనిచేసిన పానీయము సామాన్యుల చేతిలో పనిచేయునా? ఈ ప్రశ్నకు సమాధానము ఒక మహా విపత్తు నడుమ లభించెను.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధము వలన సుమారు కోటి మంది శరణార్థులు భారతదేశమునకు వచ్చిరి. సరిహద్దున ఉన్న బన్‌గావ్ పట్టణ ఆసుపత్రిలో కలరా రోగులకు 16 పడకలు మాత్రమే ఉండెను. రోగులు నేలపైనే పడియుండిరి. సిరల ద్వారా ఎక్కించు ద్రవము త్వరలోనే నిండుకొనుచుండెను. శిబిరములలో రోగులు నూటికి 20 నుండి 30 మంది వరకు మరణించుచుండిరి.

కలకత్తా జాన్స్ హాప్‌కిన్స్ కేంద్రమునుండి వచ్చిన శిశువైద్యుడు దిలీప్ మహలనబిస్ అప్పుడు ఒక నిర్ణయము చేసెను. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల వంటఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలకత్తాలో పొట్లములు కట్టించెను. ప్లాస్టిక్ సంచులను ఇస్త్రీపెట్టెతో అతికించిరి. లీటరు పానీయమునకు పట్టిన ఖర్చు 11 పైసలు. శిబిరములో పెద్ద పీపాలలో దానిని కలిపి, కుళాయిలు అమర్చిరి. రోగుల తల్లులు, అక్కచెల్లెండ్రు, బంధువులు గ్లాసులతో పట్టుకొనిపోయి త్రాగించిరి. చూచుకొనుటకు దాదులు లేరు, బంధువులే దాదులైరి.

సుమారు ఎనిమిది వారములలో 3,000 మందికి పైగా రోగులకు ఇట్లు చికిత్స జరిగెను. మరణములు నూటికి నాలుగుకంటె తక్కువకు దిగెను. తన వైద్యవిధానము కాగితముపై పూర్తిగా ఋజువగు వరకు ఆగి ఉన్నచో ఆ రోగులు మిగిలి ఉండెడివారు కారు. ఆ నివేదికను ప్రచురించుటకు కూడ మొదట ఆటంకములు కలిగెను. అది 1973లో వెలువడెను. దిలీప్ మహలనబిస్ 2022లో మరణించెను. మరుసటి సంవత్సరము భారత ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ బిరుదము ప్రకటించెను.

ప్రపంచమునకు ఒకే పొట్లము

బన్‌గావ్‌లో జరిగిన దానిని స్వయముగా చూచినవారిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి ధీమన్ బరువా ఒకరు. ఈ పద్ధతిని ప్రపంచమంతట వ్యాపింపజేయవలెనని ఆయన పట్టుబట్టెను. ఒక చిక్కు ఏర్పడెను. కలరా రోగి ఎక్కువ సోడియం కోల్పోవును. ఇతర అతిసారములతో బాధపడు శిశువు అంత కోల్పోదు. ఇరువురికి ఒకే పానీయము తగునా అని శిశువైద్యులు శంకించిరి. వ్యాధికొక పొట్లము, వయస్సుకొక పొట్లము ఉన్నచో పల్లెలోని ఆరోగ్య కార్యకర్తకు ఏది ఎవరికి ఇయ్యవలెనో తెలియదు. అందుచే 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఒకే మిశ్రమమును అంగీకరించినవి. పొటాసియం లవణము కూడ అందులో చేర్చబడెను. యునిసెఫ్ ఆ పొట్లములను పెక్కు దేశములకు పంపెను. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార నివారణకు ప్రత్యేక కార్యక్రమమును ప్రారంభించెను.

తల్లి చేతికి చేరిన విద్య

పొట్లము అంతర్జాతీయమైనను, రాత్రివేళ విరేచనములు ప్రారంభమైన బిడ్డ ఇంటిలో అది ఉండవలెను గదా! పొట్లము అందని చోట ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు స్వతంత్ర బంగ్లాదేశ్ ఇచ్చిన సమాధానము ప్రసిద్ధమైనది. అచ్చటి బ్రాక్ అను స్వచ్ఛంద సంస్థ 1980 నుండి 1990 వరకు గ్రామస్త్రీలను కార్యకర్తలుగా పంపి, ఇంటింట తల్లులకు పానీయము తయారుచేయుట నేర్పించెను. అర శేరు నీటిలో మూడు వ్రేళ్లకు పట్టిన చిటికెడు ఉప్పు, ఒక పిడికెడు బెల్లము. తూనిక లేదు, కొలపాత్ర లేదు, చేయియే కొలత. బెల్లములోని చక్కెర కడుపులో విడిపోయి గ్లూకోజును ఇచ్చును.

పాఠము చెప్పినంత మాత్రమున చాలదని ఆ సంస్థ గ్రహించినది. కొన్నాళ్ల తరువాత వేరొకరు వెళ్లి తల్లులను ప్రశ్నించి, వారు తయారుచేసిన పానీయపు నమూనాలను ప్రయోగశాలలో పరీక్షింపజేయుచుండిరి. తల్లులకు ఎంత గుర్తున్నదో దానినిబట్టి కార్యకర్త జీతము నిర్ణయింపబడెను. అనగా బోధకుని ప్రతిఫలము విద్యార్థి గ్రహణమునకు ముడిపడెను. నేర్చిన తల్లులు కూడ మొదట చాలమంది దానిని వాడలేదు. విచారింపగా కార్యకర్తలలోనే పలువురికి ఆ పానీయముపై నమ్మకము లేదని తెలిసెను. ప్రేగులో అది ఎట్లు పనిచేయునో ముందు వారికి వివరింపవలసి వచ్చెను. ఇండ్లలో నిర్ణయములు చేయు మగవారికి కూడ చెప్పవలసి వచ్చెను. పది సంవత్సరములలో కోటి 20 లక్షలకు పైగా ఇండ్లకు ఈ విద్య చేరెను.

మెరుగైన మిశ్రమము, కొత్త టీకా

పరిశోధన అంతటితో ఆగలేదు. మనీలా పాఠము ముప్పది ఏండ్ల తరువాత మరల ఉపయోగపడెను. ఉప్పు, గ్లూకోజు పాళ్లు తగ్గించి ద్రవమును పలుచన చేసినచో పిల్లలకు విరేచనములు, వాంతులు తగ్గునని పలు దేశములలో జరిగిన ప్రయోగములు తెలిపెను. 2002లో మిశ్రమము సవరింపబడెను. నేటి పొట్లములో లీటరునకు 2.6 గ్రాముల వంటఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాసియం క్లోరైడు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు ఉండును. 2004 నుండి దీనితోపాటు 10 నుండి 14 దినముల వరకు జింకు ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సలహా ఇచ్చుచున్నవి.

శిశువుల తీవ్ర అతిసారమునకు ముఖ్య కారణమైన రోటావైరస్‌ను 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున రూత్ బిషప్, ఆమె సహచరులు కనుగొనిరి. 1980 దశాబ్దములో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో నవజాత శిశువుల నుండి లభించిన ఒక వైరస్ రకము వారికి వ్యాధి కలిగించలేదు. భారత, అమెరికా పరిశోధన సంస్థల దీర్ఘ సహకారముతో, హైదరాబాదులోని భారత్ బయోటెక్ దానినుండి రోటావాక్ టీకాను తయారుచేసెను. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో సుమారు 6,800 మంది శిశువులపై అది పరీక్షింపబడెను. 2016లో జాతీయ టీకా కార్యక్రమమున మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా వ్యాధిని కొంతవరకు నివారించును. వచ్చిన వ్యాధికి పానీయము కావలసినదే. రెండును ఒకదానికొకటి తోడు.

మిగిలిన దూరము

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంతకు ముందు రెండు వారములలో విరేచనములైన పిల్లలలో ఓ.ఆర్.ఎస్. అందినవారు నూటికి సుమారు 60 మంది. కలకత్తా, బన్‌గావ్‌లలో ఈ పద్ధతికి ప్రాణము పోసిన దేశములోనే పదిమందిలో నలుగురు బిడ్డలకు అది అందలేదు. ఖర్చు కారణము కాదు. కొద్ది రూపాయల పని. విరేచనములను వెంటనే ఆపునని ఆశించి అనవసరముగా మందుల వెంట పోవుట, నీరిచ్చిన హెచ్చగునను పాత భయము, పానీయముపై చిన్నచూపు ఇందుకు కారణములు. ఈ పానీయము విరేచనములను వెంటనే ఆపదు. పోవు నీటిని పూరించి ప్రాణమును నిలుపును. ఈ భేదము తెలియనివారు ఒకటి రెండు గ్లాసులతో విసిగి మానివేయుదురు.

జీవశాస్త్ర పాఠములో ద్రవాభిసరణము, కణత్వచము వచ్చినపుడు ఈ పొట్లము తరగతికి మంచి ఉదాహరణ. పొట్లమంతయు పైన వ్రాసినంత నీటిలోనే కలుపవలెను. నీరు తక్కువైనచో మనీలాలో జరిగినదే జరుగును; ఎక్కువైనచో లవణము చాలదు. కలిపిన పానీయమును 24 గంటలలోపల వాడి, మిగిలినది పారబోయవలెను. తల్లిపాలు, ఆహారము మానరాదు. రక్తము పడినను, బిడ్డ త్రాగలేకపోయినను, మగతగా ఉన్నను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇంతవరకు తెలిసిన విద్యార్థి ఒక్కడు ఇంటిలో ఉన్నచో, ప్రాగ్ నుండి ఢాకా వరకు దేశదేశాల శాస్త్రజ్ఞులు కూర్చిన జ్ఞానము ఆ ఇంటి గడప దాటి లోనికి వచ్చినట్లే.